నింద తుడిచిన తేదీ

సెర్బియా వీరగాథల్లో వుకాషిన్ రాజును మించిన పాపి లేడు. దుషాన్ చక్రవర్తి కన్నుమూశాక ఆయన కొడుకు ఉరోష్‌కు కొండంత అండగా నిలవాల్సిన మనిషి, ఆ అమాయకుణ్ణి వేటకని వెంటబెట్టుకెళ్లి మట్టుబెట్టాడు. రాజ్యం కాజేశాడు. ఆ పాపం పండే సామ్రాజ్యం తురుష్కుల పాలైంది. జనం నోట నలిగిన కథ ఇది. 1601లో దుబ్రోవ్నిక్ సన్యాసి మావ్రో ఓర్బీని స్లావు జాతుల చరిత్ర రాస్తూ ఈ హత్యను అచ్చుకెక్కించాడు. తర్వాత నలభై ఏళ్లకు పేచ్ పీఠాధిపతి పైసీయె ఉరోష్ పుణ్యచరిత్ర రాశాడు. పోయిన చక్రవర్తి సాధువయ్యాడు, చంపినవాడు శాపగ్రస్తుడయ్యాడు. గాథ, గ్రంథం, గుడి మూడూ ఒకే మాట మీద నిలబడ్డాక సాక్ష్యం ఏదని అడిగేవాడెవడు?

1879లో ఒక సన్యాసి అడిగాడు. ఆయన రాసిన వ్యాసం పేరు వింటే ఎవరికీ చదవబుద్ధి కాదు: మారిత్సా యుద్ధం ఎప్పుడు జరిగింది, వుకాషిన్ రాజు ఎప్పుడు పోయాడు, ఉరోష్ చక్రవర్తి ఎప్పుడు పోయాడు అన్న కాలనిర్ణయ ప్రశ్నలు. పంచాంగం పనిలా కనిపించే ఆ వ్యాసం తేల్చిన సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. వుకాషిన్ 1371 సెప్టెంబరు 26న మారిత్సా నది ఒడ్డున తురుష్కులతో పోరాడుతూ చనిపోయాడు. ఉరోష్ ఆ ఏడాదే డిసెంబరు మొదట్లో పోయాడు. చచ్చినవాడు ఎవరినీ చంపలేడు.

చరిత్ర పరిశోధనలో రసమేముంటుందని పెదవి విరిచేవాళ్లు ఒక్కసారి ఇక్కడ ఆగాలి. వందల ఏళ్లుగా బోనులో నిలబడ్డ మనిషిని, ఆవేశపడకుండా, కన్నీళ్లు పెట్టకుండా, రెండు తేదీలను పక్కపక్కన పెట్టి విడిచిపెట్టడం చిన్న సంగతి కాదు. ఆ సన్యాసి పేరు ఇలారియోన్ రువారత్స్. సెర్బియాలో విమర్శనాత్మక చరిత్ర రచనకు ఆయన్నే పితామహుడిగా చెబుతారు. పురాణాలను కూలగొట్టినవాడని కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టిపోశారు. రెండు పక్షాలూ ఆయన చేతిలోని గొడ్డలినే చూశాయి. ఆ గొడ్డలి ఎవరి సంకెళ్ల మీద పడిందో చూస్తే, ఆయన రచనలో అడుగున పారేది కరుణ అని తెలుస్తుంది. ఆ కరుణే ఆయనలోని ప్రధాన రసం. హాస్యం దానికి కవచం.

ఆయన పుట్టుపేరు యోవాన్. 1832లో స్రేమ్ ప్రాంతంలోని మిత్రోవిత్సాలో ఒక పూజారి ఇంట పుట్టాడు. అప్పుడు ఆ నేల హాబ్స్‌బర్గుల ఏలుబడిలో ఉంది. ఇంట్లో అందరిదీ అక్షరాల పిచ్చే. తమ్ముడు కోస్తా సాహిత్య విమర్శకుడిగా పేరు తెచ్చుకుంటూ ఉండగానే 1864లో ముప్పై నిండకుండా పోయాడు. ఇంకో తమ్ముడు దిమిత్రియె పూజారి అయ్యాడు, ఆయనా చరిత్రకారుడే. యోవాన్ కార్లోవ్‌త్సీలోనూ వియన్నాలోనూ చదువుకున్నాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పట్టుకున్నాడు. కోర్టు మెట్లెక్కే బతుకు వద్దనుకుని తిరిగొచ్చి వేదాంత పాఠశాలలో చేరాడు. 1861లో క్రుషెదోల్ మఠంలో సన్యాసం పుచ్చుకుని ఇలారియోన్ అయ్యాడు. 1874లో గ్రుగెతెగ్ మఠానికి అధిపతిగా వెళ్లాడు. 1905 ఆగస్టులో కన్నుమూసేదాకా అదే ఆయన చిరునామా.

చదివిన న్యాయశాస్త్రం వృథా పోలేదు. ఎవరి మీదైనా నేరం మోపితే ముందు సాక్షి ఎవడు, వాడు కళ్లారా చూశాడా, చూసినవాడి దగ్గర విన్నాడా, ఎన్నేళ్లకు చెప్పాడు అని అడగడం ఆయన అలవాటు. వియన్నాలో విద్యార్థిగా ఉన్నప్పుడే రెండు వ్యాసాలు రాశాడు. ఒకటి సెర్బియా పాత చరిత్రకు దేశీయ ఆధారాలేమిటన్న సమీక్ష. రెండోది వీరగాథల మీద పరిశీలన. జీవితమంతా ఆయన చేయబోయే పనికి రెండు కొసలూ అక్కడే ఉన్నాయి. ఒక చేతిలో శాసనం, దానపత్రం, మఠాల్లో రాసుకున్న సంక్షిప్త చరిత్రలు. ఇంకో చేతిలో గాథ. ఒకదాన్ని ఇంకొకదాని పక్కన పెట్టి చూడటమే ఆయన చదువు.

ఆ చూపు ఎంత సూక్ష్మమైనదో తెలియాలంటే ఆ కాలపు లెక్కల్లోకి కాస్త దిగాలి. పాత సెర్బియా రాతప్రతుల్లో ఏళ్లను క్రీస్తు పుట్టుక నుంచి లెక్కించరు. సృష్టి మొదలైన నాటి నుంచి లెక్కిస్తారు. అంకెలకు వేరే గుర్తులు లేవు, అక్షరాలే అంకెలు. కొత్త సంవత్సరం సెప్టెంబరు 1న మొదలవుతుంది. కాబట్టి 6880 అని కనబడితే, నెల జనవరికీ ఆగస్టుకూ మధ్య ఉంటే 5508 తీసేయాలి, 1372 వస్తుంది. సెప్టెంబరుకూ డిసెంబరుకూ మధ్య ఉంటే 5509 తీసేయాలి, 1371 వస్తుంది. మారిత్సా యుద్ధమూ ఉరోష్ మరణమూ రెండూ ఈ 6880లోనే పడతాయి. యుద్ధం జరిగేనాటికి ఆ ఏడాది పుట్టి ఇరవై ఆరు రోజులే. తీసివేతలో ఒక్క అంకె జారితే, నకలు రాసేవాడు ఒక్క అక్షరం తప్పు చూస్తే, చావులు తారుమారవుతాయి. శవం లేచి వచ్చి హత్య చేస్తుంది.

పాత చరిత్రలు ఉరోష్ మరణాన్ని 1367లో పెట్టాయి. అలా పెడితే కథ ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. హత్య, అపహరించిన గద్దె మీద నాలుగేళ్ల వైభవం, ఆపైన మారిత్సాలో దైవశిక్ష. నేరానికీ శిక్షకూ మధ్య సరిగ్గా నాటకకర్త కోరుకున్నంత ఎడం. చరిత్ర ఇంత నీటుగా అమరిందంటే ఎవరో సర్దారన్నమాట. రువారత్స్ ముక్కుకు ముందు తగిలిన వాసన ఇదే అనిపిస్తుంది. ఆయన ఆ సర్దుబాటును విప్పేశాడు. విప్పాక మిగిలిన చరిత్రలో నాటకం తక్కువ, మనుషులు ఎక్కువ.

ఆ మనుషులను చూపే సాక్ష్యాలు ఇప్పటికీ ఉన్నాయి. ఉత్తర మాసిడోనియాలో ప్సాచా అనే చోట ఒక చిన్న గుడి గోడ మీద ఉరోష్ చక్రవర్తీ వుకాషిన్ రాజూ పక్కపక్కన నిలబడి ఉంటారు. 1365లో వుకాషిన్‌కు కిరీటం పెట్టారు. ఉరోష్ చక్రవర్తిగా ఉండగానే ఈయన రాజయ్యాడు. పేరుకు ఇద్దరూ కలిసి ఏలారు. లోపల ఎన్ని పొరపొచ్చాలున్నా, గోడ మీద చిత్రకారుడు గీసింది హంతకుణ్ణీ హతుణ్ణీ కాదు, జోడు ప్రభువులను. ఆ బొమ్మ ముందు నిలబడి గాథను తలుచుకుంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. బతికున్నప్పుడు పక్కపక్కన నిలబడ్డవాళ్లను పోయాక కథ ఎంత దూరం చేసింది!

ఇంకో సాక్ష్యం ఇంకా ఆర్ద్రమైనది. ఆథోస్ కొండ మీద ఇసాయియా అనే సన్యాసి ఒక గ్రీకు వేదాంత గ్రంథాన్ని స్లావు భాషలోకి మార్చుతూ ఉన్నాడు. డయొనీసియస్ పేరు మీద చలామణీ అయిన కఠిన గ్రంథం అది. 1371లో పని ముగించి చివర ఒక రాత రాసుకున్నాడు. మంచి రోజుల్లో మొదలుపెట్టిన పని అన్నిటికన్నా చెడ్డ రోజుల్లో ముగిసిందన్నది ఆ రాత సారం. మారిత్సా ఒడ్డున వుకాషిన్, తమ్ముడు ఉగ్లేషా, వాళ్ల సేన అంతా తుడిచిపెట్టుకుపోయాక ఊళ్లు ఎలా అల్లాడాయో ఆయన చెబుతాడు. ఓటమి పచ్చిగా ఉండగా రాసిన మాటలవి. పాపి పేరు చెప్పి బాధను దులుపుకోవడం తర్వాతి తరాలు నేర్చుకున్న విద్య.

రువారత్స్ ఎత్తుకున్న రెండో కేసు ఇంకా పెద్దది. 1389 జూన్‌లో కొసొవొ మైదానంలో లాజార్ ప్రభువు, సుల్తాన్ మురాద్ ఇద్దరూ చనిపోయారు. ఈ యుద్ధం చుట్టూ సెర్బియా జాతి తన హృదయాన్నంతా అల్లుకుంది. గాథలో లాజార్‌కు చక్రవర్తి కిరీటం ఉంది, తొమ్మిది మంది బావమరుదులు యుగోవిచ్‌లు ఉన్నారు, సుల్తాన్‌ను పొడిచిన మిలోష్ ఉన్నాడు. సరిగ్గా మధ్యలో, తన సేనను వెనక్కి మళ్లించి మామను శత్రువుకు వదిలేసిన అల్లుడు వుక్ బ్రాంకోవిచ్ ఉన్నాడు. చరిత్రలో లాజార్ చక్రవర్తి కాడు. ఆయన భార్య మిలిత్సా తండ్రి వ్రాత్కో అనే ప్రభువు, గాథ చెప్పే యుగ్ బొగ్దాన్ కాదు. ఇవన్నీ గాథకు అలంకారాలు, తీసేసినా ఎవరి ప్రాణమూ పోదు. వుక్ మీద పడ్డది అలంకారం కాదు, కళంకం.

యుద్ధం జరిగిన కొద్ది నెలలకే, 1389 అక్టోబరులో, ఫ్లారెన్స్ నగరం బోస్నియా రాజు త్వర్త్కోకు ఒక ఉత్తరం పంపింది. అందులో పన్నెండు మంది వీరులు ప్రమాణం చేసి శత్రువ్యూహాన్ని చీల్చుకుని వెళ్లారని, ఒకడు సుల్తాన్‌ను పొడిచాడని ఉంది. వుక్ పేరు లేదు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత తాత్త్వికుడు కాన్‌స్టంటిన్ రాసిన చరిత్రలోనూ సుల్తాన్‌ను చంపిన కులీనుడి ప్రస్తావన ఉంది, వుక్ ద్రోహం లేదు. ద్రోహి ఎవరన్నది పేరుతో సహా అచ్చులో స్థిరపడింది మళ్లీ ఆ 1601 నాటి ఓర్బీని పుస్తకంలోనే. ఇక వుక్ చేసిందేమిటి? కొసొవొ తర్వాత తురుష్కులకు తలవంచకుండా కొన్నేళ్లు నిలబడ్డాడు. 1392లో స్కోప్యే పోయాక లొంగక తప్పలేదు. 1396లో బయెజీద్ ఆయన నేలంతా లాక్కున్నాడు. 1397లో ఆయన చెరలోనే చచ్చిపోయాడు. ద్రోహానికి ప్రతిఫలంగా ఇది ముట్టిందంటే సుల్తాన్ లెక్క తప్పాడనుకోవాలి.

లాజార్ ప్రభువు మీద రువారత్స్ పుస్తకం 1880ల చివర వచ్చింది. అదే సమయంలో ల్యుబోమిర్ కొవాచెవిచ్ వుక్ బ్రాంకోవిచ్ గురించి వేరుగా రాశాడు. 1889లో కొసొవొకు అయిదు వందల ఏళ్లు నిండుతాయి. దేశమంతా ఆ ఉత్సవానికి ముస్తాబవుతోంది. ఇంటిల్లిపాదీ దీపం వెలిగించి ద్రోహిని శపించడానికి సిద్ధంగా ఉన్నవేళ, ఈ మఠాధిపతి వచ్చి ద్రోహి ఎవడో నిరూపించండి చూద్దాం అన్నాడు. ఔచిత్యం కావ్యానికి ప్రాణమని మన ఆలంకారికులు అన్నారు. ఈయన ఎంచుకున్న వేళ లోకం దృష్టిలో అనౌచిత్యానికి పరాకాష్ఠ. నిజం దృష్టిలో అంతకన్నా తగిన వేళ లేదు. నేరారోపణ గట్టిగా వినిపించే రోజే నిర్దోషి తరఫున మాట్లాడాలి.

ఈ కథలో స్థలం చేసిన చమత్కారం ఏ కవీ ఊహించలేడు. గ్రుగెతెగ్ మఠం ఫ్రుష్కా గోరా అనే కొండలమీద ఉంది. దాన్యూబ్ నదికి దక్షిణాన, అడవుల మధ్య మఠాల మీద మఠాలు. ఈ కొండల్లోనే, రువారత్స్ పుట్టకముందు, 1815లో గాథల సేకర్త వుక్ కరాజిచ్ షిషాతొవత్స్ మఠంలో మకాం పెట్టి వీరగాథలు రాయించుకున్నాడు. ఇక్కడి గ్రుగురెవ్‌త్సీ ఊరికి చెందిన, పేరు తెలియని ఒక అంధురాలి నోటి నుంచే సెర్బియా సామ్రాజ్య పతనం గాథా, కొసొవొ కన్య గాథా ఆయన సంపుటాలకు చేరాయి. మఠం చావడిలో గుస్లె వాద్యం తీగ మీద కమాను లాగుతూ, పాదానికి పది అక్షరాలు, నాలుగో అక్షరం దగ్గర చిన్న విరుపు, అలా గంటల తరబడి పాడేవాళ్లు. గాథ పుట్టిన నేల ఎక్కడైనా, అది పుస్తకంలోకి అడుగుపెట్టిన గుమ్మం ఈ కొండలు.

అంతటితో ఆగలేదు. కొసొవొ లాజార్ భౌతిక కాయం రువారత్స్ కాలంలో ఈ కొండల్లోని వ్ర్‌ద్నిక్ మఠంలోనే ఉంది. ఉరోష్ చక్రవర్తి కాయం ఇక్కడి యాజాక్ మఠంలో ఉంది. యాత్రికులు బళ్లు కట్టుకుని వచ్చి ఆ పేటికలకు మొక్కేవాళ్లు. అంటే ఎవరి మరణం మీద ఆయన ప్రశ్నలు రాశాడో వాళ్లిద్దరూ ఆయనకు ఇరుగుపొరుగు. ఉరోష్‌ను హతసాక్షిగా కొలిచే చర్చిలో తాను పెద్ద. అదే చర్చి పుణ్యచరిత్రలో రాసిన హత్య జరగలేదని తేల్చినవాడూ తానే. భక్తికీ విచారణకూ పొత్తు కుదరదని అనుకునేవాళ్లకు ఈ మనిషి అర్థం కాడు. సాధువును కొలవడానికి ఇంకొకణ్ణి హంతకుణ్ణి చేయనక్కర్లేదని ఆయన నమ్మాడు. ఆ నమ్మకంలోని నిబ్బరం నాకు ఆయన తర్కం కన్నా ఎక్కువ ముచ్చట గొలుపుతుంది.

ఆయన మఠానికీ ఒక స్థలపురాణం ఉంది. గాథలు అగ్నిసర్పమని పిలిచే వుక్ ప్రభువు, కళ్లు పోగొట్టుకున్న తన తండ్రి గ్రుగుర్ కోసం దాన్ని కట్టించాడని చెబుతారు. గ్రుగుర్ కళ్లను 1441లో సుల్తాన్ తీయించిన మాట చరిత్రే. కట్టించిన సంగతి మాత్రం జనశ్రుతి. ఈ గ్రుగుర్ ఎవరు? కొసొవొ ద్రోహిగా ముద్రపడ్డ వుక్ బ్రాంకోవిచ్‌కు స్వయానా మనవడు. కట్టించాడంటున్న వుక్ మునిమనవడు. వంశంలో ద్రోహి ఉంటే వాడి పేరు మునిమనవడికి పెట్టుకుంటారా? ఆ ఇంట్లో ఆ పేరు నింద కాలేదు, గౌరవంగానే నిలిచింది. రువారత్స్ దీన్ని సాక్ష్యంగా వాడాడని నేననను. కానీ ద్రోహి మునిమనవడు కట్టించాడంటున్న మఠంలో కూర్చుని ఆ ద్రోహం జరగలేదని రాయడంలో ఉన్న ధ్వని సహృదయులకు వేరే చెప్పాలా?

రువారత్స్ వచనం గురించి చెప్పకపోతే ఈ ప్రశంస సగమే. తీరైన గ్రంథాలు రాసే ఓపిక ఆయనకు లేదు. పత్రికల్లో వ్యాసాలు, వాదోపవాదాలు, ముక్కలు, చేర్పులు. ఒక సంగతి మొదలుపెట్టి దారిలో మూడు డొంకలు తిరుగుతాడు. మూల వాక్యాలు దించుతాడు, వాటి మీద వెటకారం చేస్తాడు, మధ్యలో సామెత విసురుతాడు, మళ్లీ తేదీ దగ్గరికి వస్తాడు. అడిగిన ప్రశ్ననే తిప్పి తిప్పి అడిగి, ఎదుటివాడే తన నోటితో ఒప్పుకునేలా చేస్తాడు. చదువుతుంటే ముక్కుసూటి ముసలాయన అరుగు మీద కూర్చుని పెద్దమనుషుల తగువు తీరుస్తున్నట్టు ఉంటుంది. ఈ వెటకారం ఎప్పుడూ బతికున్న పండితుల మీదే. పోయినవాళ్ల జోలికి వచ్చేసరికి గొంతు మారుతుంది, ఒక్కో అక్షరం తూచి పెడతాడు. తిట్టుకు బదులు చెప్పుకోగలవాణ్ణే తిట్టాలన్న నీతి అది.

ఎదురుపక్షంలో బెల్‌గ్రేడ్ ఉన్నత విద్యాలయ ఆచార్యుడు పాంతా స్రెచ్కోవిచ్ ఉన్నాడు. సెర్బియా ప్రజల చరిత్రను సంపుటాలుగా రాసిన పెద్దమనిషి. జనం గుండెలో ఉన్నదే చరిత్ర అని ఆయన పంతం. అదే ధోరణిలో మిలోష్ మిలోయెవిచ్ ఇంకా దూరం వెళ్లి సెర్బుల పూర్వీకులు మన ఇండియా నుంచే వచ్చారని రాశాడు. జాతి మీద ప్రేమ ముదిరితే భూగోళం మీద ఎంత దూరమైనా నడిపిస్తుంది. రెండు పక్షాల మధ్య వాదం ఏళ్ల తరబడి సాగింది. రువారత్స్‌కు దేశభక్తి లేదన్నారు. శత్రువులకు ఊతం ఇస్తున్నాడన్నారు. చివరికి నెగ్గింది ఆయన పద్ధతే. ఆయన గొంతు పెద్దదని కాదు, ఆయన అడిగిన ప్రశ్నలకు అవతలివాళ్ల దగ్గర జవాబు లేదని.

దేశభక్తి మాట వచ్చింది కాబట్టి ఆయన తన సొంతవాళ్లను ఎంత నిలదీశాడో చూడాలి. 1690లో ఆర్సెనియె పీఠాధిపతి వెంట సెర్బులు తురుష్కుల నేల విడిచి హాబ్స్‌బర్గుల రాజ్యానికి వలస వచ్చారు. రువారత్స్ కుటుంబం లాంటి కుటుంబాల ఆత్మగౌరవమంతా ఆ వలస కథ మీద నిలిచింది. చక్రవర్తి ఆహ్వానిస్తే, షరతులు మాట్లాడుకుని, ముప్పై ఏడు వేల కుటుంబాలతో తరలివచ్చామన్నది వాళ్ల కథ. తమ హక్కులన్నిటికీ పునాది ఆ ఆహ్వానమే. 1896లో రువారత్స్ ఆ పునాదిలో చెయ్యి పెట్టాడు. పిలిచిన చుట్టాలుగా రాలేదు, ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయి వచ్చారు అన్నాడు. ముప్పై ఏడు వేల లెక్కనూ అనుమానించాడు. అదే పుస్తకంలో, పాత ప్రభువుల వారసుణ్ణని చెప్పుకుని చెరలో పెద్ద చరిత్ర రాసిన జార్జి బ్రాంకోవిచ్ వంశవృక్షాన్నీ వేళ్లతో సహా పీకాడు. తర్వాత మాంటెనీగ్రో మీద రాస్తూ, ఆ కొండలు ఏనాడూ తురుష్కుల పాలన ఎరగవన్న గర్వాన్ని కదిలించాడు. ఒక్కో వ్యాసానికి ఒక్కో ఊరు శత్రువైంది.

ఇక్కడ కూడా అడుగున ఉన్నది ఆ కరుణే. ఆహ్వానం మీద వచ్చామన్న కథలో ఘనత ఉంది, బాధ లేదు. శరణార్థులుగా వచ్చారని తెలిశాకే చలికాలంలో బళ్ల మీద పిల్లల్నీ ముసలివాళ్లనీ వేసుకుని, సాధువుల కాయాలు మోసుకుని నడిచినవాళ్లు కళ్ల ముందుకు వస్తారు. లాజార్ కాయాన్ని ఫ్రుష్కా గోరా చేర్చింది అలా నడిచిన సన్యాసులే. ఘనత తీసేస్తే జాతి చిన్నబోతుందని భయపడ్డవాళ్లకు ఆయన చూపించింది, తీసేశాక మిగిలే మనిషిని.

రసికులు అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది. తేదీలతో గాథను కొడితే గాథ చచ్చిపోదా? ఉరోష్‌నూ మ్ర్‌న్యావ్‌చెవిచ్ సోదరులనూ (వుకాషిన్ అన్నదమ్ములను) గురించిన ప్రసిద్ధ గాథలో వుకాషిన్ కొడుకు మార్కో ధర్మపీఠం ఎక్కుతాడు. రాజ్యం ఎవరిదని అడిగితే కన్నతండ్రికి కాదని, ఉరోష్‌కు అని తీర్పు చెబుతాడు. తండ్రి పాపి కాకపోతే కొడుకు నిజాయితీకి అంత వెలుగు రాదు. అసలు మార్కో తురుష్కుల సామంతుడిగా ప్రిలెప్‌లో ఏలి, 1395లో సుల్తాన్ పక్షాన పోరాడుతూ రొవీనె యుద్ధంలో పోయాడు. చరిత్ర మార్కో చేతులు కట్టేసింది. గాథ ఆ చేతులకు న్యాయాన్ని ఇచ్చింది. ఆ గాథను రువారత్స్ వ్యాసం తర్వాత కూడా అలాగే పాడుకున్నారు, ఇప్పటికీ పాడుకుంటున్నారు. ఆయన గాథను అడ్డుకోలేదు, దాన్ని వాంగ్మూలంగా వాడుకోవడాన్ని అడ్డుకున్నాడు.

ఇంకా లోతుకు పోతే, ఆయన వల్ల విషాదం తగ్గలేదు, చిక్కబడింది. ఓడిపోయిన జాతికి ద్రోహి ఒక ఊరట. వాడు లేకపోతే గెలిచేవాళ్లం అనుకోవచ్చు. పాపి ఒక ఊరట. వాడి పాపానికి దేవుడు శిక్షించాడనుకుంటే లోకానికి ఒక నియమం ఉన్నట్టే. రువారత్స్ ఆ రెండు ఊరటలూ లాగేశాడు. మారిత్సాలో ఇద్దరు అన్నదమ్ములు ముంచుకొస్తున్న ముప్పును ముందుగా గుర్తించి ఎదురెళ్లి చచ్చిపోయారు. రెండు నెలలకు సంతానం లేని చక్రవర్తి పోయాడు. కొసొవొలో ఇరుపక్షాల ప్రభువులూ పోయారు. తెగించి మిగిలిన అల్లుడు చెరలో పోయాడు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, అయినా అంతా పోయింది. నిందించడానికి ఎవరూ మిగలని చోట కోపానికి తావు లేదు, శోకం ఒక్కటే ఉంటుంది.

కళాకారులకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రువారత్స్ చివరి ఏళ్లలో, 1902లో, గ్రుగెతెగ్ గుడిలో పటాల తెరను చిత్రించింది ఉరోష్ ప్రెదిచ్. 1919లో అదే ప్రెదిచ్ కొసొవొ కన్య పటం గీశాడు. యుద్ధభూమిలో శవాల మధ్య ఒక అమ్మాయి గాయపడ్డ వీరుడి తల ఎత్తి నోటికి పాత్ర అందిస్తుంది. ఆ పటంలో వుక్ బ్రాంకోవిచ్ లేడు. వుకాషిన్ లేడు. ద్రోహం లేదు, ప్రతీకారం లేదు. గాయం ఉంది, దాహం ఉంది, తీర్చే చెయ్యి ఉంది. కొసొవొ గురించి ఆ జాతి అత్యంత ప్రేమగా దాచుకున్న పటం అదే కావడం నాకు యాదృచ్ఛికం అనిపించదు. విమర్శకుడు తేదీలతో చేరిన చోటికే చిత్రకారుడు రంగులతో చేరాడు.

లోపాలు లేవని కాదు. ఆయన అనుమానం కొన్నిచోట్ల అతిగా వెళ్లింది. కూల్చడంలో చూపిన ప్రతిభ కట్టడంలో చూపలేదు. సెర్బియా చరిత్రను మొదటి నుంచి చివరిదాకా చెప్పే ఒక్క గ్రంథమూ ఆయన ఇవ్వలేదు. ఆ పని తర్వాతివాళ్లకు మిగిలింది. 1911లో కాన్‌స్టంటిన్ యిరెచెక్ సెర్బుల చరిత్ర వెలువరించేనాటికి నేల చదునై ఉందంటే, చదును చేసినవాళ్లలో ముందు పేరు రువారత్స్‌దే. ఆయన వ్యాసాలు చదవడానికి ఓపిక కావాలి. వాద ప్రతివాదాలు చల్లారిపోయాక ఆ వేడి కొంత అర్థం కాదు, కొన్ని వెటకారాలు ఎవరి మీదో తెలుసుకోవాలంటే అధోజ్ఞాపికలు వెతకాలి.

అయినా చదవాలి. పెద్ద గ్రంథం రాసేవాడు కథ నడవడానికి ఎక్కడో ఒకచోట తెలియని ఖాళీని ఊహతో పూడుస్తాడు. రువారత్స్ ఖాళీని ఖాళీగా వదిలేశాడు. ముక్కలుగా రాయడం ఆయన బలహీనతే కావచ్చు, కానీ తెలిసినంతే చెప్పాలన్న ఆయన నియమానికి ఆ రూపమే నప్పింది. పోయినవాళ్లు మన ముందుకొచ్చి సమాధానం చెప్పుకోలేరు కాబట్టి వాళ్ల విషయంలో రుజువు బరువు రెండింతలు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. గాథ పాడే హక్కు గుస్లె పట్టిన ప్రతివాడికీ ఉంది. నేరం మోపే హక్కు మాత్రం ఆధారం చూపినవాడికే ఉందని ఆయన సెర్బియా చదువరులకు నేర్పాడు. జాతి గౌరవం పేరిట చరిత్ర రాసే వాళ్లు ఏ దేశంలో ఉన్నా వాళ్లకు ఈ పాఠం ఇంకా చేదుగానే ఉంటుంది.